లరాంజ ఎక్కడ పుట్టింది: ఒక పోర్చుగీసు మాట మూలం తేల్చే పద్ధతి

పోర్చుగీసులో నారింజను లరాంజ అంటారు. ఈ రెండు మాటలూ వింటే నల్లగొండ బత్తాయి తోటల నడుమ పెరిగిన ఎవరికైనా ఇది మన దగ్గర్నుంచి పోయిన మాటేననిపిస్తుంది. వాస్కో డ గామా 1498లో కోళికోడు చేరాడు, 1510లో పోర్చుగీసువాళ్లు గోవా పట్టుకున్నారు, పండుతో పాటు పేరునూ ఓడకెక్కించుకుని పోయారు అని కథ అల్లుకోవడం సులువు. కానీ ఆ కథ నిలవదు. గామా ఓడ కదలకముందే లరాంజ పోర్చుగల్‌లో ఇంటింటి మాట. అది మన వైపు నుంచే వెళ్లింది గానీ వెళ్లింది వేరే దారిన, వందల ఏళ్ల ముందు, మూడు నాలుగు భాషలు దాటుకుంటూ.

శబ్దం పోలింది కదా అని మొదలుపెట్టడమే మాటల మూలం వెతికేవాళ్లు ఎక్కువగా చేసే తప్పు. పోలిక చివర చూడాలి. ముందు కాలం, తర్వాత దారి, ఆ తర్వాత ధ్వని, అర్థం. ఈ వరస తప్పితే ఎంత కష్టపడినా దొరికేది కథే.

చీటీలు రాసుకోవడం

ఒక్కో మెట్టుకు ఒక్కో చీటీ పెట్టండి. చీటీ మీద ఆరు సంగతులు ఉండాలి: ఏ భాష, ఆ భాషలో మాట రూపం, అప్పటి అర్థం, దొరికిన అన్నింటికన్నా పాత సంవత్సరం, ఏ పుస్తకం ఏ పేజీ, చివర నమ్మకం గుర్తు. గుర్తుకు మూడక్షరాలు చాలు. ఆధారం గట్టిదైతే క, ఎక్కువమంది ఒప్పుకున్నా వాదం మిగిలి ఉంటే ఖ, ఊహ మాత్రమే అయితే గ. లరాంజకు అయిదు చీటీలు అవుతాయి: పోర్చుగీసు, అరబిక్, పారసీకం, సంస్కృతం, ద్రావిడం. రెండు మెట్లను ఒకే చీటీ మీద రాస్తే ఒకదాని ఆధారాన్ని రెండోదానికి అంటగట్టేస్తాం. తర్వాత విడదీయడం చాలా కష్టం.

పోర్చుగీసు మాటల్లో పెద్ద భాగం లాటిన్ నుంచి వచ్చిందే కాబట్టి మొదట అక్కడే వెతకాలి. నారింజకు పాత లాటిన్‌లో పేరు లేదు. అప్పుడు అరబిక్ వైపు తిరగాలి. ఎనిమిదో శతాబ్దం నుంచి పోర్చుగల్ నేల మీద అరబ్బుల పాలన వందల ఏళ్లు సాగింది. పంటలు, తోటలు, నీటిపారుదల, లెక్కల మాటలు చాలావరకు అక్కడి నుంచే పోర్చుగీసులోకి దిగాయి. చక్కెరను అసూకర్ అనడం కూడా అలా వచ్చిందే. అరబిక్ అస్సుక్కర్ దాని తల్లి, వెనక్కి వెళ్తే సంస్కృత శర్కర.

కాలం చూడడం

పోర్చుగీసు నిఘంటువుల్లో ఈ పనికి పనికొచ్చేవి జోసె పెద్రు మషాదు వ్యుత్పత్తి నిఘంటువు, అంటోనియు జెరాల్దు ద కూన్యా నిఘంటువు, 2001లో వచ్చిన ఒవాయిస్. మాట మొదట ఎప్పుడు రాతలో కనిపించిందో ఇవి చెబుతాయి. శతాబ్దాన్ని రోమను అంకెతో వేస్తారు, కొన్నిచోట్ల దాని ముందు 'సెక్.' అనే కుదింపు ఉంటుంది. 'దు ఆర్.' అని ఉంటే అరబిక్ నుంచి, 'దు లాట్.' అని ఉంటే లాటిన్ నుంచి అని అర్థం. 18వ శతాబ్దపు అర్థం కావాలంటే 1712 - 1728 మధ్య సంపుటాలుగా వచ్చిన బ్లుతో నిఘంటువు చూడాలి. పాత రాతప్రతుల్లో ముక్కుతో పలికే 'న' ను రాయకుండా అచ్చు మీద అల గీత పెట్టేవారు. వెతికేటప్పుడు 'ఎన్' అక్షరం ఉన్న రూపంతో ఒకసారి, గీత ఉన్న రూపంతో ఒకసారి వెతకండి. లేకపోతే పాత ఉదాహరణలు దొరక్కుండా పోతాయి.

లరాంజ విషయంలో మంచి సాక్ష్యం గామా మొదటి ప్రయాణపు దినచర్యే. 1498 ఏప్రిల్‌లో, ఇంకా మన తీరం చేరకముందే, ఆఫ్రికాలోని మొంబాసా దగ్గర అక్కడి రాజు పంపిన కానుకల్లో నారింజలు, చెరకు ఉన్నాయని రాసుకున్నారు. పండును చూడగానే పేరు పెట్టి రాసినవాడికి ఆ పేరు అంతకుముందే తెలిసుండాలి. కాబట్టి కోళికోడు, గోవా రెండూ లరాంజ పుట్టుక కథ నుంచి తప్పుకుంటాయి.

ఇదే పరీక్ష మాంగా అనే మాటకు పెట్టండి. పోర్చుగీసులో మామిడిపండు పేరు అది. 1498కి ముందు దాని జాడ ఉండదు, తర్వాత మాత్రం విరివిగా దొరుకుతుంది. మలయాళ మాంఙ దాని మూలం. రెండూ పండ్లే, రెండూ మన దిక్కు మాటలే. ఒకటి సముద్రం మీద నేరుగా పోయింది, ఒకటి నేల మీద చుట్టూ తిరిగి పోయింది. కాలం చూడకపోతే రెంటికీ ఒకే కథ చెప్పేస్తాం.

దారి చూడడం

ప్రతి మెట్టు దగ్గరా ఒకటే అడగాలి: ఈ భాషవాళ్లు ఆ భాషవాళ్లను ఎక్కడ, ఏ పని మీద కలిశారు? పోర్చుగీసువాళ్లు మొదట దిగింది మలబారు తీరంలో, తర్వాత కొంకణంలో. అందుకే పోర్చుగీసులో ఉన్న దక్షిణాది మాటల్లో మలయాళం, కొంకణి పాలు ఎక్కువ, తెలుగు పాలు తక్కువ. పోర్చుగల్‌లో కోడిమాంసం, బియ్యం వేసి కాచే జావను కాంజ అంటారు. మన గంజి గుర్తొస్తుంది. కానీ అది వెళ్లింది మలయాళ కఞ్ఞి నుంచి. మాట మొదట్లో గ లేదు, క ఉంది, దారి కూడా మలబారు నుంచే ఉంది. గంజి దానికి అక్కచెల్లెలే గాని తల్లి కాదు. మన మాట మీద ప్రేమ ఉన్నవాళ్లు ఇక్కడే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి.

మన జిల్లాలకు ఇంకో ఆకర్షణ ఉంది. 1520లో రాయచూరు కోట దగ్గర కృష్ణదేవరాయల పక్షాన పోర్చుగీసు తుపాకీ సిపాయిలు పోరాడారు. గద్వాల, మక్తల్ నుంచి రాయచూరు ఎంతో దూరం లేదు. అయినా ఒక యుద్ధంలో కలవడాన్ని మాట దాటడానికి ఆధారంగా రాయకూడదు. మాట దాటాలంటే ఏళ్ల తరబడి సాగే వ్యవహారం కావాలి: సంత, కొలువు, పనితనం, గుడి, వంటిల్లు.

ధ్వని చూడడం

ఇక్కడ నియమం ఒకటే: ఒక మార్పు జరిగిందని చెప్పాలంటే అదే మార్పు జరిగిన వేరే మాటలు కూడా చూపించాలి. కనీసం మూడు చూపించగలిగితేనే ఆ మార్పును చీటీ మీద క అని రాయండి.

పారసీక నారంగ్ అరబిక్‌లో నారంజ్ అయింది. గ ఎందుకు జ అయింది? ప్రామాణిక అరబిక్‌లో గ లేదు. పారసీక గ అక్కడికి వెళ్తే సాధారణంగా జ అవుతుంది. ముత్యం, రత్నం అనే అర్థమున్న గౌహర్ అరబిక్‌లో జౌహర్ అయింది, జవాహర్ అనే పేరు ఆ కుదురుదే. మన నారింజలో కూడా జ ఉంది కదా, లరాంజలో జ అక్కడిదే అనుకోవద్దు. లరాంజలోని జ అరబిక్ మెట్టు దగ్గర పుట్టింది. దాని వెనకున్న పారసీక, సంస్కృత రూపాల్లో ఉన్నది గ.

చివరి అకారం కూడా ఊరికే రాలేదు. అరబిక్‌లో నారంజ్ అంటే ఆ జాతి పండు, ఒక్క పండు అనాలంటే చివర అకారం చేరి నారంజ అవుతుంది. స్పానిష్‌లో అది నరాంహ అయింది, మొదటి న నిలిచింది. పోర్చుగీసులో మాత్రం ల వచ్చింది. ఒకే మాటలో రెండు ముక్కు ధ్వనులు దగ్గరదగ్గరగా ఉంటే నాలుక ఒకదాన్ని మార్చేసుకుంటుంది. ఇటాలియన్‌లో ఆ న ఏకంగా రాలిపోయి అరాంచ అయింది, ముందుండే 'ఒక' అనే మాట చివరి న లో అది కలిసిపోయింది. ఇలాంటి మార్పుకు ఎదురు ఉదాహరణ మన దేశంలోనే ఉంది. వేలంపాటను పోర్చుగీసులో లెయిలాఁవ్ అంటారు, హిందీలో అది నీలాం అయింది. రెండు ల లలో మొదటిది న గా మారింది. దిశ వేరైనా సూత్రం ఒకటే.

పారసీక నారంగ్ వెనక సంస్కృత నారంగ ఉంది. ఇక్కడి దాకా చీటీలన్నీ క. సంస్కృత నారంగ ద్రావిడ భాషల నుంచి తీసుకున్నదని ఎక్కువమంది భాషావేత్తలు చెబుతారు. తమిళంలో ఒక పుల్లటి జాతికి నారత్తై అనే పేరు, మలయాళంలో నారకం అనే చెట్టు పేరు ఆ వైపు చూపిస్తాయి. దీనికి ఖ వేయండి. సువాసన అనే ధాతువుకు ముడిపెట్టే ప్రతిపాదనకు గ చాలు. ఏనుగు నారింజలు తెగ తిని చచ్చిపోయింది కాబట్టి నాగరంగం అయిందనే కథకు చీటీయే అక్కర్లేదు. మాట ముక్కలకు అర్థం చెప్పడానికి ఒక జంతువో రాజో వచ్చాడంటే, తొంభై పాళ్లు అది మాట పుట్టాక పుట్టిన కథ.

పండు వేరు, పేరు వేరు

అరబ్బులు ఐరోపాకు తెచ్చింది పుల్లటి, చేదు నారింజ. తియ్యటిది అక్కడ బాగా వ్యాపించింది 15, 16 శతాబ్దాల్లో, అందులో పోర్చుగీసు వర్తకుల చేయి పెద్దది. అందుకే అరబిక్‌లో పుల్లనిది నారంజ్, తియ్యనిది బుర్తుకాల్. టర్కీ భాషలో పోర్తకాల్, గ్రీకులో పోర్తొకాలి. పండు పేరే పోర్చుగల్ అయిపోయింది. పోర్చుగల్‌లో మాత్రం పాత పేరు లరాంజ తియ్యటి పండుకు మారిపోయింది. కాబట్టి అర్థం గడిలో ఎప్పుడూ 'నారింజ' అని వదిలేయకుండా పుల్లనిదా తియ్యనిదా రాయండి. వస్తువు చరిత్రను మాట చరిత్రగా పొరబడడం ఈ పనిలో రెండో పెద్ద తప్పు.

నల్లగొండ తోటల్లో ఈ అభ్యాసానికి రెండు మాటలు సిద్ధంగా ఉన్నాయి. మార్కెట్లో వినిపించే మోసంబి ఆఫ్రికాలోని మొజాంబిక్ పేరు నుంచి వచ్చింది. మొజాంబిక్ పోర్చుగీసుల ఓడరేవే గాని, అంతమాత్రాన మోసంబి పోర్చుగీసు మాట కాదు, ఊరి పేరు మీద వచ్చిన పండు పేరు. మౌసం అంటే రుతువు కాబట్టి మౌసమీ అయిందనేది తర్వాతి సర్దుబాటు. బత్తాయిని బటేవియాకు ముడిపెడతారు. ఉద్యాన పుస్తకాల్లో బటేవియన్ అనే బత్తాయి రకం పేరు కూడా కనిపిస్తుంది. బటేవియా 1619లో డచ్చివాళ్లు జావాలో స్థాపించిన పట్టణం, నేటి జకార్తా. ఆ దారి పోర్చుగీసులది కాదు. దీనికి ఖ వేసి పెట్టుకోండి.

ఎదురు దిశలో: మన నోట్లో ఉన్న పోర్చుగీసు

అటు నుంచి ఇటు వచ్చిన మాటలకు కూడా అదే వరస. పుస్తకాలు మారతాయి. గోవాకు చెందిన దల్గాదు 1913లో ఆసియా భాషల్లోని పోర్చుగీసు మాటలన్నీ ఒకచోట చేర్చాడు. దాని ఇంగ్లీషు అనువాదం 1936లో బరోడా నుంచి వచ్చింది. అందులో తెలుగు రూపాలు కూడా ఉన్నాయి. సి.పి. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువులో (బ్రౌణ్య నిఘంటువు) మాట పక్కన కుండలీకరణంలో మూలభాష గుర్తు ఉంటుంది. బ్రౌన్, ప్లాట్స్ ఉర్దూ నిఘంటువు, సంస్కృత కుటుంబపు భాషలకు టర్నర్ నిఘంటువు, ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు, మన దేశపు ఇంగ్లీషులో వాడిన మాటలకు యూల్, బర్నెల్ కూర్చిన హాబ్సన్-జాబ్సన్ అన్నీ షికాగో విశ్వవిద్యాలయం దక్షిణాసియా నిఘంటువుల సైటులో ఉచితంగా వెతకొచ్చు. ఒక హెచ్చరిక: తర్వాతి నిఘంటువులు చాలా సార్లు హాబ్సన్-జాబ్సన్ చెప్పినదాన్నే తిరిగి చెబుతాయి. నాలుగు పుస్తకాలు ఒకే మాట చెప్పాయంటే నాలుగు సాక్ష్యాలని కాదు, మొదటిది ఎవరిదో చూడండి.

మన వైపు బాగా పనిచేసే పరీక్ష ఒకటుంది. ఇంగ్లీషు నుంచి నేరుగా వచ్చిన మాటల్లో వాళ్ల టి మనకు ట అవుతుంది: మాస్టరు, టేబులు, టవలు. పోర్చుగీసు త దంత్యం, పళ్లకు తగిలేది. అందుకే తువాలు (తువాల్య), బొత్తాం (బొతాఁవ్), మేస్త్రి (మెస్త్రె). పాద్రిలో ద కూడా అంతే. త ఉంటే ఇంగ్లీషు మూలాన్ని అనుమానించవచ్చు. ఉన్నంత మాత్రాన పోర్చుగీసని తేలదు, ఉర్దూ, పారసీకం కూడా ఉన్నాయి. ట ఉంటే పోర్చుగీసు కాదనడానికీ లేదు. బాల్టీలో ట ఉంది, మూలం మాత్రం పోర్చుగీసు బాల్దె.

పోర్చుగీసు మాట చివర ఎకారం మనకు ఇకారం అవుతుంది: చావె నుంచి చావి, మెస్త్రె నుంచి మేస్త్రి, పాద్రె నుంచి పాద్రి. చివరి ఆఁవ్ మనకు ఆం, ఆన్ అవుతుంది: బొత్తాం, నీలాం, కప్తాన్. ఇంకో మంచి జాడ చావిలో ఉంది. నేటి పోర్చుగీసువాళ్లు తాళంచెవిని షావ్ అంటారు. చ అనే ధ్వని వాళ్ల ప్రామాణిక భాషలో తర్వాత ష అయిపోయింది. మన దగ్గర చ నిలిచిందంటే అది మారకముందే ఈ మాట మన దేశానికి చేరిందని. అందుకే నేటి ఉచ్చారణను యూట్యూబులో విని పోల్చడం పనికిరాదు, 16వ శతాబ్దపు ఉచ్చారణతో పోల్చాలి.

ఇప్పుడు మేస్త్రి. పాలమూరు వాళ్లకు దీని గురించి చెప్పనక్కర్లేదు. ముందుగా పైసలిచ్చి మనుషులను కూడగట్టి ప్రాజెక్టుల పనికి తీసుకుపోయే గుంపు మేస్త్రి, గోడ కట్టే సుతారి మేస్త్రి ఇద్దరూ ఇక్కడివాళ్లే. దీని వెనక పోర్చుగీసు మెస్త్రె, అంటే పనితనంలో పెద్ద, గురువు. దాని వెనక లాటిన్ మగిస్తెర్, నడుమ గ రాలిపోయి రెండు అచ్చులు కలిసిపోయాయి. ఇంగ్లీషు మాస్టరు కూడా ఆ మగిస్తెర్ సంతానమే. ఒకే లాటిన్ మాట రెండు దార్లలో వచ్చి మన దగ్గర బడిలో మాస్టరు, పనిలో మేస్త్రి అయింది.

హైదరాబాదు రాజ్యంలో ఉర్దూ అధికార భాష కాబట్టి మన పోర్చుగీసు మాటలన్నీ ఉర్దూ మీదుగా వచ్చాయని చాలామంది రాసేస్తారు. అల్మారా విషయంలో అది సరే. మేస్త్రి దగ్గర మాత్రం ఆగండి. ఉర్దూ, హిందీల్లో అది మిస్త్రీ, ఇకారం. కన్నడంలో మేస్త్రి, తమిళంలో మేస్తిరి, మనకూ ఏకారమే. అంటే దక్షిణాది భాషలన్నీ మూలంలోని ఎకారాన్ని నిలుపుకున్నాయి. మన మేస్త్రి దక్షిణాది పొరుగుల దారిన వచ్చిందనడానికి ఇది బలమైన గుర్తు. వేలం విషయంలో ఇంకో తేడా ఉంది. మన మార్కెట్‌యార్డుల్లో పాతవాళ్ల నోట వినిపించే హర్రాజు అరబిక్ నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది, దానికీ పోర్చుగీసుకూ సంబంధం లేదు.

మోసం చేసే మాటలు నాలుగు గుర్తుంచుకోండి. కమీజుకు పోర్చుగీసు కమీజ తల్లి కాదు. రెండూ చివరి కాలపు లాటిన్ కమీసియా నుంచి వేర్వేరుగా వచ్చాయి, మనది అరబిక్, ఉర్దూల దారి. సాబూనుకూ అంతే. గోదాము దారి ఇంకా చిత్రంగా ఉంటుంది. పోర్చుగీసు, ఇంగ్లీషు రెండూ దాన్ని మలయ భాషలోని గుదంగ్ నుంచి తీసుకున్నాయి, ఆ గుదంగ్ వెనక మన గిడ్డంగి, తమిళ కిడంగు ఉన్నాయని యూల్, బర్నెల్ అన్నారు. అదే నిజమైతే ఆ మాట సముద్రం దాటి వేరే బట్టలు కట్టుకుని తిరిగొచ్చినట్టు. చివరి మెట్టుకు ఖ. ఇస్త్రీని పోర్చుగీసులో సాగదీయడం అనే అర్థమున్న ఎస్తిరార్‌కు ముడిపెడతారు. ధ్వని కుదురుతుంది గానీ అర్థంలో ఎడం ఉంది, బట్టల ఇస్త్రీకి పోర్చుగీసువాళ్ల మాటలు వేరే. దానికీ ఖ.

ఊళ్లో మాట సేకరించడం

'మీరు చావి అంటారా?' అని అడగొద్దు. అవును అనేస్తారు. వస్తువును చూపించి పేరు అడగండి, లేదా దానితో చేసే పని చెప్పమనండి. ఒక మాటకు కనీసం మూడు ఊళ్లు తీసుకోండి: మక్తల్, నారాయణపేట వంటి కన్నడ సరిహద్దు ఊరొకటి, హైదరాబాదు బాటకు దగ్గరగా ఉన్నదొకటి, దేవరకొండ, అచ్చంపేట లోపలి ఊరొకటి. 60 దాటినవాళ్ల మాట, పాతికేళ్లవాళ్ల మాట వేరువేరు చీటీల మీద రాయండి. ఊరు, మండలం, చేసే పని, వయసు, సంవత్సరం, మాట వచ్చిన వాక్యం మొత్తం ఉండాలి. మనిషి పేరు అక్కర్లేదు. బొంబాయి, పుణే పనులకు వెళ్లొచ్చినవాళ్లను ఆ సంగతి అడిగి రాసుకోండి, ఎందుకంటే వాళ్ల నోట్లో ఉన్న చావి, బాల్టీ నిన్నమొన్న మరాఠీ నుంచి వచ్చి ఉండవచ్చు.

చివరగా పాత తెలుగులో వెతకాలి. నల్లగొండ జిల్లా శాసనాలు సంపుటాలుగా అచ్చయ్యాయి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వేసిన తెలుగు వ్యుత్పత్తి కోశం ఉంది. మీ మాట కాకతీయుల నాటి శాసనంలోనో పాల్కురికి సోమనాథుడి పద్యంలోనో అదే అర్థంతో కనిపిస్తే పోర్చుగీసు చీటీ కొట్టేయండి. మొదటి పరీక్షకు తాళంచెవినే తీసుకోవచ్చు. ఆ చెవి మన తల మీద చెవేనా, చావి మారి అలా అయిందా అని తేల్చాలంటే 1498కి ముందున్న రాతల్లో తాళానికి 'చెవి' ఉందా అని చూడాలి. ఒక్క నమ్మకమైన ఉదాహరణ దొరికితే చాలు, మిగతా చీటీలు తీసి పక్కన పెట్టొచ్చు.